మరిది చేతిలోంచి తాళం

అనంతసాగరంలో పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటో మా మరిదిదే. ఆ ఉదయం మా పాపను ఎక్కించబోతే, ఇద్దరు చిన్నపిల్లలు డ్రైవరు సీటు అంచున వేలాడుతూ కనిపించారు.

"వీళ్లకి ఇంకో ట్రిప్పు వెయ్యి అబ్బయ్యా" అన్నాను.

"ఏం గాదులే వదినా, రోజూ పొయ్యేదే గదా!" అంటూ అతను తాళం తిప్పబోయాడు. నేను చటుక్కున దాన్ని లాగేసుకున్నాను.

"ఏంది వదినా, నడిబజార్లో నా పరువు తీస్తుండావు!" అని అరిచాడు. జనం మూగారు. సిగ్గేసింది గానీ గుప్పిట విప్పలేదు. చివరికి ఆ ఇద్దరినీ దించాడు. వాళ్లను నేనే బడిదాకా నడిపించాను.

ఇప్పుడు రెండు ట్రిప్పులు వేస్తున్నాడు. ఇంటివాడని కూడా చూడలేదని అత్తగారు ఇప్పటికీ మూతి ముడుస్తారు. ముడవనివ్వండి. ఇంటివాడి ఆటోలోంచి పడినా పిల్లలకు తగిలేది దెబ్బే.