నెట్టీ చల్లబరిచిన పాత కంప్యూటర్

మా మంచు ఊరు డాఫిన్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైన నెట్టీ హ్లుష్కో ఏ పనికి దిగినా నేను వెళ్లి పక్కన నిలబడతాను. పిలవకపోయినా వెళ్తాను. మనిషి పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. ఏళ్ల తరబడి మంచులో పిల్లల్ని బడికి చేర్చిన చేతులవి. ఇప్పుడు మా వీధివాళ్ల కుట్టుమిషన్లూ కంప్యూటర్లూ విప్పుతుంటాయి.

పోయిన జూలైలో మా ఎదురింటి స్టెఫ్కా ఆమెను పిలిచింది. స్టెఫ్కా భర్త ఓరెస్ట్ ఆ ముందు శీతాకాలంలో పోయాడు. ఆయన త్సింబాలి అనే వాద్యం తీగల మీద చిన్న కర్రలు ఆడించాడంటే పెళ్లిలో ఒక్కరూ కుర్చీలో కూర్చునేవాళ్లు కాదు. ఆయన వంటింట్లో వాయిస్తుండగా స్టెఫ్కా ఎప్పుడో తీసిన కెమెరా టేపు ఒక్కటే మిగిలింది. కెమెరా తెర పాడైంది. దాని వైరు పట్టేది స్టెఫ్కా వరండాలోని పాత కంప్యూటర్‌కే. టేపును అందులోకి ఎక్కించబోతే సగం కూడా కాకముందే కంప్యూటర్ కాలిపోతున్నంత వేడెక్కి ఆగిపోతోంది. అలా రెండుసార్లయింది. టేపు అప్పటికే పొడి రాలుస్తోంది. ఇంకోసారి మధ్యలో ఆగితే మళ్లీ తిరిగేలా లేదు.

నెట్టీ వస్తూనే టేపుతో సహా కెమెరాను తీసి అలమారులో పెట్టేసింది. కంప్యూటర్ డబ్బాను ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. దాని పక్క మూత విప్పితే లోపల బొంత పరిచినట్టు దుమ్ము, పిల్లి వెంట్రుకలు. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఆపి, బ్రష్‌తో దులిపింది. ఎందుకు పట్టుకున్నావని అడిగాను. బ్రష్ తగిలి ఊరికే గిరగిర తిరిగితే దాని ఇరుసు పాడవుతుందట. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ ఎండిన సున్నంలా పెచ్చులు కట్టింది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టింది. ఇంత వేడిదానికి అంతేనా, ఇంకాస్త పెట్టరాదా అన్నాను.

"పెరోగీ కుడుముల మీద మీగడ కాదే ఇది," అంది తలెత్తకుండా. "ఎక్కువైతే వేడి పోకుండా అదే అడ్డం."

మళ్లీ వరండాలో పెట్టి ఆన్ చేసింది. తెర మూల వేడి అంకె కనిపిస్తోంది. కాసేపు బాగానే ఉంది. ఏదో బరువైన పని ఇవ్వగానే డెబ్బై, ఎనభై, తొంభై. స్టెఫ్కా మొహం వాడిపోయింది. ఎలాగూ పోయే టేపే కదా, ఒకసారి పెట్టి చూద్దామంది. నెట్టీ ఒప్పుకోలేదు. టేబుల్ ఫ్యాన్ తెస్తానని నేనన్నాను. ఆమె వినిపించుకోలేదు. డబ్బా ముందు వైపు అరచెయ్యి పెట్టి అలాగే కూర్చుంది.

"ఇది గాలి పీల్చడం లేదు," అంది.

కంప్యూటర్ ఆపి, వైరు పీకి, ముందు మూత రెండు చేతులా పట్టి లాగింది. మూతకీ ఫ్యాన్‌కీ మధ్య అడ్డంగా ఒక అట్టముక్క. అంచులు శుభ్రంగా కత్తిరించి, సరిగ్గా అతికినట్టు పెట్టి ఉంది.

అది నేను పెట్టిందే అయితే తప్పు పిల్లి మీదకి తోసేదాన్ని. స్టెఫ్కాకైతే ఏమీ గుర్తులేదు. నెట్టీ ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నా పనే స్టెఫ్కా. జనవరిలో వరండా గడ్డకట్టి, పొద్దున్నే ఇది గీమని అరుస్తోందన్నావు కదా. బస్సు రేడియేటర్‌కి చలిగాలి కొట్టకుండా అట్ట పెట్టినట్టే దీనికీ పెట్టాను. మంచు కరిగాక తియ్యాలి. మరిచిపోయాను. నీ టేపు రెండుసార్లు ఆగింది నా వల్లే."

మా ఊళ్లో చలికాలం ట్రక్కు ముందు అట్ట పెట్టుకోనివాడు లేడు. వసంతంలో తియ్యడం మరిచి ఇంజన్ ఉడకబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అడక్కుండానే ఇలా చెప్పినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. స్టెఫ్కా లేచి కాఫీ కలిపింది. ముందు కప్పు నెట్టీకే ఇచ్చింది.

నెట్టీ అప్పుడు కూడా తొందరపడలేదు. పిల్లల్ని ఎక్కించుకునే ముందు బస్సు చుట్టూ తిరిగి చూసుకునే మనిషి కదా. టేపు లేకుండానే కంప్యూటర్‌తో గంటసేపు బరువు పని చేయించింది. వేడి అరవై ఎనిమిది దగ్గర నిలబడింది. అప్పుడే అలమారు తెరిచింది.

టేపు తిరిగింది. ఓరెస్ట్ వేళ్లు, కర్రలు, వంటింటి బల్ల. ఇదివరకు ఆగిపోయిన చోటు వచ్చేసరికి స్టెఫ్కా నా చెయ్యి నొక్కి పట్టుకుంది. ఆ చోటు దాటిపోయింది. పాట అయిపోయాక ఓరెస్ట్ తలెత్తి కెమెరా వైపు చూశాడు.

"నా చేతులు తీస్తున్నావా, పొట్ట తీస్తున్నావా?"

"కనబడేది అదే కదయ్యా," అంది స్టెఫ్కా తెరతో. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నేనూ తుడుచుకున్నాను. నెట్టీ మాత్రం బొమ్మ వైపు చూడనేలేదు. చెయ్యి డబ్బా మీద, చూపు మూలనున్న అంకె మీద. టేపు చివరిదాకా తిరిగి, అంతా ఎక్కిందని తెర మీద కనిపించాకే వెనక్కి జారబడి, స్టెఫ్కాను అడిగింది.

"ఇప్పుడు మొదట్నుంచీ పెట్టు. నేనూ చూస్తాను."