చెప్పులు తొడుక్కునే చోటు

ఎండకు కాగిన కొత్త గుడ్డకు ఒక వాసన ఉంటుంది. గంజీ, దుమ్మూ కలిసిన వాసన. మొన్న పుంగనూరులో పాత జమీందారు బంగళా వీధి మలుపు తిరగగానే అది ముక్కుకు తగిలింది. మస్తాన్ మామ గుర్తొచ్చాడు. ఆ వెంటనే నా ఒళ్ళు మండింది. మామ గుర్తొచ్చింది వాసన వల్ల, ఒళ్ళు మండింది మాత్రం బంగళా ముందు వేసిన పందిరిని చూసి. చేనేత ప్రదర్శన కోసం వేసిన ఆ పందిరి పనిని నేనూ అడిగాను. కమిటీ వాళ్ళు, ఒకప్పుడు నాతో పనిచేసిన మునిరత్నానికి ఇచ్చారు. చూడకుండా ఉండలేక, మదనపల్లెలో అంగడి మూసి మరీ బస్సెక్కి వచ్చాను. ఎక్కడో ఒక లోపం దొరక్కపోతుందా అన్నదే నా ఆశ.

మస్తాన్ మామకు మదనపల్లెలో షామియానాల అంగడి ఉండేది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టుకునే రోజుల్లో, చిరిగిన పరదా ఒకటి చంకన పెట్టుకొచ్చి, “ఎస్తేరమ్మా, ఇది కుట్టి ఇస్తావా?” అని అడిగాడు. నా కుట్టు నచ్చినట్టుంది, మర్నాడు ఆటో నిండా పరదాలు తెచ్చి దించాడు. అలా ఆయన దగ్గర పనికి కుదిరాను. ఇంట్లో వాళ్ళతో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు. నాతో మాత్రం మన ఊరి తెలుగే. పొడుగాటి మనిషి, నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. కోపం వస్తే దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చేవాడే తప్ప గొంతు పెంచేవాడు కాదు.

నేను మొదటిసారి సొంతంగా అలంకరించింది మా చర్చి పండుగ పందిరి. చుట్టూ లేతనీలం గుడ్డతో కుచ్చులు పెట్టి, నేల దాకా దించాను. ఆరాధన అయ్యాక పందిరి నడుమ నిలబడి పొగడ్తలు అందుకుంటున్నాను. అప్పుడు బయటి నుంచి మామ చెయ్యి ఊపాడు.

“లోపల యాల నిలబడుకోనుండావమ్మా? చెప్పుల కాడికి రా.”

“అందరూ బాగుందంటున్నారు మామా.”

“లోపల అట్లే అంటారు. పిలిచినోళ్ళు ఎదురుగా ఉంటారు కదా, ఇంకేమంటారు? చెప్పులు తొడుక్కునేటప్పుడు తల వంచుకుంటారు సూడు, అప్పుడు వచ్చేది నిజం మాట.”

చెప్పుల గుట్ట పక్కన, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఇద్దరమూ నిలబడ్డాం. చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది. పక్కనున్న ఆమెతో, “పందిరి శానా బాగుండాది గానీ గాలే ఆడలేదక్కా, బిడ్డ ఒళ్ళంతా సెమటే” అంది. మధ్యాహ్నం భోజనాల వేళకు మామ నా కుచ్చులన్నీ పైకి చుట్టి తాడుతో కట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది. “వాళ్ళు కుచ్చులు సూసేదానికి రాలేదమ్మా, కూసునేదానికి వచ్చినారు” అన్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ తర్వాత ఏ పందిరి వేసినా, నా కాళ్ళు వాటంతట అవే చెప్పుల దగ్గరికి నడిచేవి.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మునిరత్నం వచ్చాడు. కుప్పం దగ్గర పల్లె వాడు, మాటలో సగం అరవం. పని నేర్పింది చాలావరకు నేనే. వాడు మొదటిసారి తన ఊహ ప్రకారం వేసింది కుప్పంలో ఒక పెళ్ళి పందిరి. ఆ సాయంత్రం ముగ్గురం చెప్పుల దగ్గర నిలబడ్డాం. ఒక ముసలాయన ఒక కాలికి చెప్పు తొడిగి, పందిరి వైపు తిరిగి చూసి, చెప్పు విప్పేసి మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. మామ లవంగం నమలడం ఆపాడు. “బాగుండాది రా మునీ” అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో ఎవరికి తెలుసు? తిరిగి వచ్చేటప్పుడు లారీలో ఉండబట్టలేక అడిగేశాను.

“నా పని యా పొద్దూ బాగలేదా మామా?”

“నీకు చెప్పేదానికి నాకు ఇంకా ఉండాది. వానికేం చెప్పాలో నాకే తెలీలే” అన్నాడు.

అది పొగడ్తో తెగడ్తో ఇప్పటికీ తేల్చుకోలేదు. ‘బాగుండాది’ అన్న మాట నాకు చెప్పకుండానే మామ పోయాడు. అంగడి నేను నడుపుతున్నాను. ముని బెంగుళూరు వెళ్ళి, అల్యూమినియం స్తంభాలతో పెద్దవాడై తిరిగొచ్చాడు.

పుంగనూరు పందిరి లోపల తెల్ల తివాచీ పరిచారు. అందుకే చెప్పులు బయట. లోపల ఒక చుట్టు చుట్టి వచ్చి, నేను నా చోట నిలబడ్డాను. “బెంగుళూరికి పోయినట్టుండాది” అన్నాడు ఒక కుర్రాడు. అది నేను లెక్కచేయలేదు. తర్వాత ఒక పెద్దాయన చెప్పుల కోసం వెతుక్కుంటూ భార్యతో అన్నాడు: “పుట్టినకాణ్ణించి ఈ వీధిలోనే తిరుగుతాండాను. బంగళా మిద్దె మీది కిటికీలు ఇంత సక్కగా ఉండాయని ఈ పొద్దే సూసినా.”

నిజమే. ముని పైకప్పును బంగళా వైపు తెరిచి వదిలేశాడు. లోపల కూర్చుంటే తలెత్తగానే ఆ కిటికీలు కనిపిస్తాయి. నేనైతే పెచ్చులూడిన ఆ గోడను సిగ్గుపడి పట్టుగుడ్డతో కప్పేసేదాన్ని. అది తెలిసేకొద్దీ అసూయ పెరిగింది. ఈ చూపు మామ వాడికి ఎప్పుడు ఇచ్చాడు, నాకెందుకు ఇవ్వలేదు?

అంతలో ఒక అవ్వ బయటికొచ్చింది. మోకాళ్ళు సహకరించక, ఒంటికాలి మీద ఊగుతూ స్తంభం పట్టుకుంది. “అంతా బాగుండాది గానీ, కూసోని చెప్పులు తొడుక్కునేదానికి ఒక బల్ల గూడా ల్యాకపాయె” అని గొణిగింది.

దొరికింది! నా మొహం ఎంత వెలిగిందో నాకే తెలిసింది. కానీ ఆ సంబరం పూర్తి కాకముందే కాళ్ళు ఎదురుగా ఉన్న టీ అంగడి వైపు నడిచాయి. అంగడి వాడిని అడిగి, బయటి బల్లను ఒక పక్క ఎత్తాను. రెండో పక్కను ఎవరో పట్టుకున్నారు. చూస్తే ముని. అంతసేపూ చెప్పుల గుట్టకు అటు పక్క వాడూ నిలబడి వింటున్నాడన్నమాట.

“యా పొద్దు వస్తివక్కా?”

“ఇప్పుడే. బల్ల మరిచిపోతివేమిరా?”

“మరిచిపోతిని” అన్నాడు, తల దించుకుని.

పందిరి బాగుందని ఒక్క మాట అని ఉండొచ్చు. నోరు రాలేదు. ఇద్దరం బల్ల మోసుకొచ్చి వేశాం. అవ్వ కూర్చుని తీరిగ్గా చెప్పులు తొడుక్కుంది. తల వంచుకునే, “ఆ, ఇప్పుడు బాగుండాది” అంది.

ముని నవ్వాడు. ఆ మాట తనదే అనుకున్నట్టున్నాడు. నేను ఇవ్వలేదు. చెప్పుల దగ్గర వచ్చిన మాట, బల్ల మొదట ఎత్తింది నేను, అది నాదే. మామ ఉండుంటే ఎవరిదో తేల్చేవాడు కాదు. లవంగం బుగ్గ మార్చి, బల్లను ఇంకొంచెం నీడలోకి జరపమనేవాడు.

జరిపాను.