తిరగేసిన సెల్లు

మా పెద్దమ్మ ఉద్యోగం చీకట్లో. నాటకాల హాల్లో తలుపు దగ్గర నిలబడి, ఆట మొదలయ్యాక వచ్చేవాళ్లను టార్చిలైటు వేసి వాళ్ల కుర్చీల దాకా తీసుకెళ్లాలి. ఎంతమందిని కూర్చోబెట్టిందో లెక్కలేదు గాని, తను మాత్రం కూర్చుని ఒక్క నాటకమూ చూడలేదు. అయినా అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. నటుడెవరైనా మాట మరిచిపోతే, వెనకనుంచి అందించబోయి గబుక్కున నోరు మూసుకోవడం నేను చూశాను.

అలాంటి మనిషికి మచ్చ తెచ్చింది ఓ కళ్లజోడు పెట్టె. అది సంచిలో టార్చి మీటకు ఒరుసుకుంది. టార్చి దారి పొడుగునా సంచిలోనే వెలుగుతూ వచ్చి, హాల్లో దీపాలు ఆరేవేళకు కొనఊపిరి మీదుంది. ఆ మిణుకుమిణుకులో పెద్దమ్మ ఓ భారీ మనిషికి ఖాళీ కుర్చీ చూపించింది. ఆయన నమ్మి, నిబ్బరంగా కూర్చున్నాడు. కింద హాలు సెక్రటరీ ఉన్నాడు.

సెక్రటరీ మంచివాడే. తొడల నొప్పి తగ్గాక పెద్దమ్మను పిలిచాడు.

"మిమ్మల్ని ఏమీ అనడం లేదమ్మా. మెట్ల పొడుగునా చిన్న దీపాలు పెట్టిద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. అవి ఉంటే చోటు చూపించే మనిషే అక్కర్లేదు. మీ కాళ్లకీ విశ్రాంతి. టార్చి ఇంకోసారి మొరాయించిందంటే పెట్టించేస్తాం."

"నా కాళ్లు బాగానే ఉన్నాయండీ," అంది పెద్దమ్మ.

ఇంటికొచ్చాక మాత్రం ఆ మెట్ల దీపాలు ఆవిడ కళ్లముందు వెలుగుతూనే ఉన్నాయి. మర్నాడే, చిన్నక్షరాలు చదివి పెట్టడానికి నన్ను వెంటబెట్టుకుని, కరెంటు సామాన్ల కొట్టుకు బయల్దేరింది.

"మన్నికైన సెల్లు కావాలయ్యా."

"అన్నీ మన్నికైనవే అమ్మా," అన్నాడు కొట్టాయన.

"అన్నీ మన్నితే మళ్లీ నీ మొహం చూసేదెవరు? సరిగ్గా చెప్పు."

ఆయన నవ్వి, ఒక్కో రకం తీసి బల్ల మీద పెట్టాడు. చవకరకం గోడగడియారానికి చాలట. టార్చిలో పెడితే తొందరగా నీరసపడతాయట, పైగా మరిచిపోయి వదిలేస్తే కారిపోయి టార్చినే పాడుచేస్తాయట. పెద్దమ్మ వాటిని వేలితో పక్కకు నెట్టింది.

"పోనీ, ఛార్జి పెట్టుకునేవి తీసుకోండి. రోజూ వాడేవాళ్లకు బాగుంటాయి."

"నాది రోజూ కాసేపే. అసలు అవసరం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు."

"అయితే వద్దు. మామూలు ఛార్జి సెల్లు ఊరికే పడున్నా తరిగిపోతుంది."

"మా ఆయన ఉత్సాహంలాగా అన్నమాట," అంది పెద్దమ్మ.

చివరికి ఆల్కలైన్ సెల్లు దగ్గర ఆగింది బేరం. వాడకుండా దాచినా ఏళ్ల తరబడి బలం పోదట. అక్కడితో వదిలేస్తే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది? సెల్లు అతికించిన అట్టలన్నీ దింపించి, వెనక వేసిన గడువు తేదీలు నాచేత చదివించి, అన్నిటికంటే దూరపు తేదీ ఉన్నదాన్ని అడుగునుంచి లాగింది.

"సంబంధం చూడ్డానికొచ్చినట్టుంది అమ్మా మీ వరస."

"సంబంధమైతే సర్దుకుపోవచ్చు. చీకట్లో సర్దుకుపోవడం కుదర్దు."

"ఒక్కమాట. పాతదీ కొత్తదీ కలిపి పెట్టకండి. పాతది కొత్తదాన్ని కూడా పీల్చేస్తుంది."

"నయం. నేనూ మా ఆయనా ఒకేసారి పాతబడ్డాం," అంది పెద్దమ్మ.

మా పెద్దనాన్న ఆ హాల్లోనే వడ్రంగి. రంగస్థలం మీది తలుపులూ కిటికీలూ ఆయన చేతివే. కొత్త సెల్లు చూసి ఆయన తన వంతు సలహా ఇచ్చాడు.

"ఎంత మంచి సెల్లయినా సంచిలో వెలుగుతూ కూచుంటే ఏం మిగుల్తుంది? ఒకదాన్ని తిరగేసి పెట్టు. మీట నొక్కుకుపోయినా వెలగదు. హాలుకెళ్లాక సరిచేసుకో."

అదే వాడుకైపోయింది. రోజూ తలుపు దగ్గరికి రాగానే టార్చి మూత విప్పడం, సెల్లు సరిగ్గా పెట్టడం, అరచేతిలోకి ఓసారి వెలిగించి చూసుకోవడం.

ఇంతలో నాటకంలో నౌకరు వేషం వేసేవాడికి పన్నువాచి బుగ్గ బూరెలా అయింది. ఎవరూ దొరక్క పెద్దనాన్నను నిలబెట్టారు. ఉన్నది ఒకే మాట: "అయ్యగారూ, బండి వచ్చింది." దాన్ని ఆయన గడ్డం గీసుకుంటూ అన్నాడు, చెప్పులేసుకుంటూ అన్నాడు, నిద్రలోనూ అన్నాడు.

"ఆ బండేదో త్వరగా వచ్చేస్తే బాగుణ్ణు," అంది పెద్దమ్మ నాతో.

నాటకం రోజు సాయంత్రం పెద్దమ్మ తెర వెనక ఆయనకు మీసం అంటించి, కోటు గుండీలు పెట్టి, ఆఖరి గంట మోగుతుంటే తలుపు దగ్గరికి పరిగెత్తింది. ఆ హడావుడిలో సెల్లు సంగతి మరిచిపోయింది. మాయదారి జనం, ఆవేళ ఒక్కరూ ఆలస్యంగా రాలేదు.

తెర లేచింది. పెద్దనాన్న తను చేసిన తలుపు తనే తోసుకుని లోపలికొచ్చి, నోరు తెరిచాడు. కరెంటు పోయింది.

జనరేటరు హాలు వెనక షెడ్డులో ఉంది. కాపలాదారు వెళ్లి తిప్పాలి. జనం లేస్తున్నారు, కుర్చీలు కిర్రుమంటున్నాయి, ఎవరి కాలో ఎవరో తొక్కారు.

"అమ్మా, టార్చి," అంది సెక్రటరీ గొంతు.

పెద్దమ్మ మీట నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది, దులిపింది, అరచేత్తో కొట్టింది.

"కొత్తవేనండీ. ఆల్కలైన్‌వి. తేదీ కూడా చాలా దూరం ఉంది," అంటోంది. తలుపు పక్క కుర్చీలో కూర్చున్న నాకు కూడా ఆ చీకట్లో మెట్ల దీపాలే కనిపించాయి.

అప్పుడు రంగస్థలం మీంచి, రంపం చప్పుడు మీద మాట్లాడి అలవాటైన గొంతొకటి హాలంతా వినిపించింది.

"ఇదిగో, సెల్లు తిరగేసే ఉండుంటుంది. సరిగ్గా పెట్టు."

హాలు పగలబడి నవ్వింది. లేచినవాళ్లు నవ్వుతూ కూలబడ్డారు. ఆ నవ్వుల మధ్య మూత విప్పిన చప్పుడు, బిగించిన చప్పుడు. వెలుగు జనం తలల మీదుగా తిన్నగా వెళ్లి పెద్దనాన్న మొహం మీద పడింది. మీసం ఒక పక్క వేలాడుతోంది. ఆయన కళ్లు చికిలించి, తనెక్కడున్నాడో గుర్తు తెచ్చుకుని, చేతులు కట్టుకున్నాడు.

"అయ్యగారూ, బండి వచ్చింది."

అయ్యగారి వేషంలో ఉన్నాయన ఘటికుడు. "వచ్చినట్టు తెలుస్తూనే ఉందిరా. బండి దీపం కళ్లల్లో కొడుతోంది," అన్నాడు.

చప్పట్లు ఆగలేదు. జనరేటరు అందుకునేదాకా ఆ సన్నివేశమంతా పెద్దమ్మ టార్చి వెలుతురులోనే నడిచింది. ఎవరు మాట్లాడితే వాళ్ల మీద పడింది వెలుగు, మాట మొదలవడానికి రవ్వంత ముందే. నాటకం కంఠతా వచ్చిన మనిషి కదా. వెలుగు ఎక్కడా తగ్గలేదు.

ఆట అయ్యాక సెక్రటరీ తలుపు దగ్గరికొచ్చాడు. పెద్దమ్మే ముందు అడిగేసింది.

"మెట్ల దీపాలు ఎప్పుడు పెట్టిస్తున్నారండీ?"

"కరెంటు పోతే అవి మాత్రం ఏం వెలుగుతాయమ్మా? మీరుండండి చాలు," అని, అటూ ఇటూ చూసి సంచిలోంచి ఓ చిన్న టార్చి తీశాడు. "ఇది మా ఇంట్లోది. ఎంతకీ వెలగడం లేదు. ఓసారి చూస్తారా?"

పెద్దమ్మ మూత విప్పి, లోపలి సెల్లు రెండూ అరచేతిలో పోసుకుంది. ఒకటి కొత్తది, ఒకటి తుప్పుపట్టిన ముసలిది.

"సెక్రటరీ గారూ," అంది జాలిగా, "రేపు నాతో కొట్టుకు రండి. కళ్లజోడు తెచ్చుకోండి, తేదీలు చదవాలి."

ఆయన బుద్ధిగా తలూపాడు. వీధిలోంచి పెద్దనాన్న వచ్చాడు, మీసం చేత్తో పట్టుకుని. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లేందుకు బండి పిలుచుకొచ్చాడు. పెద్దమ్మ ఎదుట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, బండి వచ్చింది."

పెద్దమ్మ తన టార్చిలో సెల్లు తిరగేసి, సంచిలో పడేసుకుంది.