పొట్ట కోయించుకోబోయిన పులి

నవ్వదలచుకున్నవాళ్ళు నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వే ముందు మాత్రం మీ పొట్టను ఒకసారి పిడికిట్లో పట్టుకుని చూసుకోండి. పిడికిట్లో ఇమడకపోతే నవ్వు కాస్త తగ్గించుకోండి, ఎందుకంటే నాకు జరిగిన విధ్వంసం సరిగ్గా అక్కడే మొదలైంది. ఒక మనిషికి ఒక జన్మలో జరగాల్సిన అవమానాలన్నీ ఒక్క పొట్ట మీద మోసినవాణ్ణి నేను.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బడి నన్ను ఐదో తరగతిలోనే వదిలేసింది గాని నేను చదువును వదల్లేదు. రైసు మిల్లులో బస్తాలు మోస్తూ, పకోడీ పొట్లాలు విప్పి, ఆ నూనె కాగితాల మీదే లోకజ్ఞానమంతా సంపాదించాను. అందుకే నాకు తెలిసిన విషయాల్లో సగానికి మొదలుండదు, సగానికి చివరుండదు. అయినా కాలేజీలకు వెళ్ళొచ్చినవాళ్ళ కంటే నయమే. వాళ్ళకు మధ్యది కూడా ఉండదు.

అంతకంటే పెద్ద సంగతి, నేను మా ఊరి పులిని. మూడేళ్ళకోసారి వచ్చే మా అమ్మవారి పండగలో ఒళ్ళంతా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు వేయించుకుని, తోక కట్టుకుని, డప్పుల ముందు గంతులేసే పులివేషం మా ఇంటిది. మా నాన్న తర్వాత నేను. నేను వీధి మలుపు తిరిగితే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. ఒక ఏడాది నన్ను చూసి ఒక గేదె పలుపు తెంపుకుని పారిపోయి నాగావళి ఒడ్డున దొరికింది. ఎవరెవరికో శాలువాలు కప్పుతారు. నాకు ఆ గేదె చేసిన సన్మానం చాలు.

అలాంటి పులిని మిల్లువాళ్ళు పాడుచేశారు. ఇన్నాళ్ళూ బస్తాలు మోశావు, ఇక కూర్చోమని కాటా పక్కన కుర్చీ వేశారు. కుర్చీ నేను ఎక్కానో లేదో, పొట్ట నా మీదికి ఎక్కింది. మొదట లుంగీ ముడి జారింది. తర్వాత పాదాలు కనబడటం మానేశాయి. ఆ తర్వాతి పండగలో నా బావమరిది సింహాచలం నాకు చారలు వేస్తూ వేస్తూ ఆగిపోయాడు. మా ఊళ్ళో పులికి రంగులు వేసేది వాడే. మనిషి వెదురుకర్రలా ఉంటాడు.

"బావ, రంగు అయిపోనాది."

"ఇంకా కాళ్ళున్నాయి కదరా."

"కాళ్ళకి తెచ్చిన రంగే పొట్టకి ఏసీసినాను. ఈ ఏడు పులికి పొట్టే ఉంటాది, కాళ్ళుండవు."

అలాగే బయలుదేరాను. వీధి మలుపు తిరిగాను. పిల్లలెవరూ దాక్కోలేదు. తీరం నుంచి గంప మోసుకొచ్చి చేపలమ్మే నరసమ్మ అనే ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. మూడు వీధుల అవతలికి వినబడేలా చేపలు అమ్మే గొంతు ఆమెది. ఆ గొంతుతోనే పక్కామెను అడిగింది.

"ఒలే, ఈ పులికి ఎన్నో నెలే?"

డప్పులు ఆగిపోయాయి. డప్పులు కొట్టేవాళ్ళు నవ్వడానికి కింద కూర్చున్నారు. నేను గాండ్రించాను. "నొప్పులొచ్చీసినట్టున్నాయి" అంది నరసమ్మ.

మర్నాడు ఊరి పెద్దలు పిలిచి తేల్చేశారు. "ఒచ్చే పండక్కి పొట్ట దిగితే నువ్వే పులివి. నేకపోతే ఇంకోడిని సూసుకుంటాం. అమ్మోరి ముందర కడుపుతో ఉన్న పులిని దింపనేం."

మా నాన్న తోక నా దగ్గరే ఉంది. దాన్ని ఇంకొకడి నడుముకు కట్టడమా? నా ప్రాణం పోయినా ఒప్పుకోను అనుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక పకోడీ పొట్లంలో పొట్ట ఆకారాన్ని మార్చే ఆపరేషన్ల మీద వ్యాసం దొరికింది. ఆపరేషన్లు రెండు రకాలట. ఎవరికి ఏది మంచిదో అంతా వివరంగా ఉంది. చివర్లో "ఈ కింది వారికి ఈ చికిత్స పనికిరాదు" అని ఉంది. ఆ కింద కాగితం చిరిగిపోయింది. ఆ చిరిగిన ముక్కలో నేనున్నానని అప్పుడు నాకేం తెలుసు?

రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. మా ఆవిడ పైడమ్మ నోటి కంపు తెలియకుండా రెండు లవంగాలు నా నోట్లో వేసి తనూ వెంట వచ్చింది. అక్కడ ఒక ఆసుపత్రిలో ఈ పనే చేసే డాక్టరమ్మ, మంచి మనిషి, నా పొట్టను అటూ ఇటూ గిల్లి చూసింది.

"ఒక పద్ధతిలో చిన్న గొట్టం లోపలికి పెట్టి కొవ్వు లాగేస్తాం. చర్మం బిగువుగా ఉన్నవాళ్ళకి అది చాలు. మీకు చర్మం బాగా వదులైంది. కొవ్వు తీస్తే చర్మం వేలాడుతుంది. రెండో పద్ధతిలో కింద అడ్డంగా కోసి, మిగులు చర్మం తీసేసి, లోపలి కండరాలు బిగించి కుడతాం. అది పెద్ద ఆపరేషన్. కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఈ మొన నుంచి ఆ మొన దాకా మచ్చ ఉండిపోతుంది."

నాకు మొత్తం అర్థమైపోయింది. మొదటిది మేం బస్తాలో గుచ్చి గింజలు లాగి చూసే ఇనప గొట్టం. ధాన్యం వస్తుంది, బస్తా మాత్రం వదులుగా వేలాడుతుంది. రెండోది మిగులు గోనె కత్తిరించి దబ్బనంతో కుట్టడం. ఈ మాట నేను చెబితే ఆవిడ "దాదాపు అంతే" అంది. ఒక డాక్టరు నాతో ఏకీభవించడం అదే మొదలు, అదే ఆఖరు.

"మరి బొడ్డు?" అని అడిగింది పైడమ్మ.

"బొడ్డు అక్కడే ఉంటుందమ్మా. చర్మం కిందికి లాగాక, దానికి కొత్తగా రంధ్రం చేసి కుడతాం."

"బొడ్డుకి మళ్ళీ కన్నమా? ఆల్లమ్మ ఉంటే ఏటనేదో."

"ఇంకో దారి కూడా ఉంది" అంది డాక్టరమ్మ. "తిండి తగ్గించి రోజూ నడవడం. చర్మం బిగియదు గాని పొట్ట తగ్గుతుంది."

రైలెక్కి అంత దూరం వెళ్తే ఇదా చెప్పేది? ఈ సలహా పైడమ్మ ఇంట్లోనే పదేళ్ళుగా ఇస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను.

"సరే, ఇంకో ముఖ్యమైన మాట. మీరు పొగ తాగుతారా?"

"నేదమ్మా."

"బాగా ఆలోచించి చెప్పండి. పొగ తాగేవాళ్ళకి కోత పెడితే చర్మానికి రక్తం సరిగా అందదు. నల్లబడి చచ్చిపోతుంది."

"అయ్యో పాపం" అన్నాను, సిగరెట్లు తాగేవాళ్ళను తల్చుకుని.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. నేను అబద్ధం ఆడలేదు. మా వైపు అడ్డపొగ అని ఒకటుంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంటాం. గాలికి ఆరదు, బస్తాల మీద రవ్వ పడదు, పక్కవాడికి పొగ రాదు. మా అమ్మ అలాగే కాల్చుకుంటూ నన్ను ఒళ్ళో పెట్టుకుని జో కొట్టింది. పైడమ్మ నోట్లో నిప్పు పెట్టుకునే కూర తరిగేది, పొరుగువాళ్ళతో పోట్లాడేది. అది పొగ తాగడం అని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పొగ తాగడమంటే కాలు మీద కాలేసుకుని గాల్లోకి రింగులు వదలడం అని మా నమ్మకం.

ఇంటికొచ్చాక గొట్టమా, దబ్బనమా అని పెద్ద చర్చ పెట్టాం. పైడమ్మ నోట్లో చుట్ట కదలకుండానే తీర్పు చెప్పింది.

"గొట్టమూ ఒద్దు, దబ్బనమూ ఒద్దు. ఆ డాక్టరమ్మ నడమంది కదా, ఆమదాలవలస దాకా నడిసెల్లు."

"నీకు పులి ఇలువ తెల్దే."

"నాకెందుకు తెల్దు? ముప్పై ఏళ్ళుగా నానే కదా మేపుతన్నాను."

సింహాచలం మాత్రం బొమ్మ గీసుకుని మరీ ఆలోచించాడు. చివరికి వాడి మొహం వెలిగింది. "బావ, దబ్బనమే మంచిది. గొట్టం పెడితే చర్మం ముడతలు పడిపోతాది, సారలు తిన్నగా రావు. కోత పెడితే అడ్డంగా మచ్చ ఉండిపోతాదన్నాది కదా? అదో సార కదేటి. నాను దాని మీద రంగేసెత్తే సాలు, పుట్టుకతో పులిలా ఉంటావు."

చూశారా, డాక్టరమ్మ గంటసేపు చెప్పిన లాభనష్టాలు ఒక పక్క, ఒక చార ఒక పక్క. నేను చార వైపే మొగ్గాను. చదువుకున్నవాణ్ణి కదా.

ఆపరేషన్ రోజు వచ్చింది. పొద్దుటి నుంచి అంబలి చుక్క కూడా ముట్టలేదు. ఆకుపచ్చ గౌను తొడిగి, తలకు టోపీ పెట్టి, మంచం మీద కూర్చోబెట్టారు. ఇంకొంచెం సేపట్లో పిలుస్తామన్నారు. ఉండబట్టలేక బాత్రూములోకి వెళ్ళి, గౌను కింద దాచుకున్న చుట్ట ముక్క వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. అంతలో నర్సు తలుపు కొట్టింది. ముక్క చిన్నది. మొత్తం లోపలికి లాక్కుని పెదవులు మూసేసి, వచ్చి మంచమెక్కాను. మత్తు ఇచ్చే డాక్టరు నిలబడి ఉన్నాడు. పాపం, మర్యాదస్థుడు.

"రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా పెద్దాయనా?"

"ఊఁ" అన్నాను.

"భయంగా ఉందా?"

"ఊఁహూఁ."

"మాట్లాడరేంటి?"

పైడమ్మకు సంగతి అర్థమైపోయింది. "ఆయనంతేనయ్యా. పులి ఏషగాడు. పెద్ద పని ముందర మౌనం పడతాడు" అంది.

"సరే, మాట్లాడక్కర్లేదు. నోరు పెద్దగా తెరవండి. గొంతు చూడాలి."

నేను పైకప్పు చూశాను. పైడమ్మను చూశాను. ఆమె గోడ చూసింది. లోపల నాలుక కాలుతోంది. మింగేద్దామా అని కూడా ఆలోచించాను. ఇక దారిలేక తెరిచాను.

ముందు పొగ వచ్చింది. ఎన్నో పండగల్లో నేను గాండ్రించినప్పుడు కూడా రానంత గంభీరంగా వచ్చింది. ఆ వెనకాల ఎర్రగా నిప్పు కనబడింది. నర్సు మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, "డాక్టరుగారూ, ఈయన లోపల్నుంచి కాలుతున్నాడు" అంది.

నా చేత చుట్ట ఉమ్మించి, నీళ్ళు పుక్కిలింపించారు. ఇక తిడతారనుకున్నాను. తిట్టలేదు. మత్తు డాక్టరు నా నోట్లోకి టార్చి వేసి చూసి, డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడా చూసింది. తిట్టినా బాగుండేది.

"మీరు పొగ తాగనన్నారు."

"తాగనమ్మా. ఇది అడ్డపొగ. నిప్పు లోపలుంటాది, ఎవరికీ ఇబ్బంది నేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీసం రాకముందు నుంచి."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఈ అలవాటు?"

నేను పైడమ్మ వైపు చూశాను. "నాను మానీసినానమ్మా" అంది పైడమ్మ.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ అంగిలి తెల్లబడిపోయి ఉంది. మధ్యలో ఎర్రమచ్చ ఉంది. అది కేన్సరో కాదో ముక్క తీసి చూడాలి. ఈ పొట్ట నేను ఇప్పుడు ముట్టుకోను."

"మరి పులి?" అన్నాను.

"ఏ పులి?" అంది ఆవిడ.

అలా పొట్ట కోయించుకోవడానికి వెళ్ళి అంగిలి కోయించుకుని వచ్చాను. ఫలితం వచ్చేదాకా ఇంట్లో పైడమ్మ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంతకంటే భయంకరమైన రోజులు నేను చూడలేదు. పక్కన కూర్చుని చల్లారిన అంబలి పట్టుకునేది, నేను తాగేదాకా లేచేది కాదు. మా నాన్న తోక గోడకు వేలాడుతూ ఉండేది. తోక ఎవరి నడుముకు వెళ్తుందో అని కాకుండా, అసలు నేనుంటానా అని దాన్ని చూడటం అదే మొదటిసారి.

చివరికి కేన్సరు కాదని తేలింది. ఇంకొన్నాళ్ళు అక్కడ నిప్పు పెడితే అవుతుందని కూడా తేలింది. ఇద్దరం మానేశాం. పైడమ్మ అంగిలీ చూపించాం. కాస్త తెల్లబడింది గాని, నా అంత కాదు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా? కాదు. చుట్ట పోయాక నా నోటికి పని లేకుండా పోయింది. పనిలేని నోరు ఊరుకుంటుందా? వేరుశెనగ పప్పు అంది, జంతికలు అంది, పనసతొనలు అంది. నాలుకకు రుచి కూడా కొత్తగా తిరిగొచ్చింది. నిప్పు కింద ఇన్నేళ్ళు ఏ రుచులు పోగొట్టుకున్నానో అన్నీ వడ్డీతో సహా తిన్నాను. పండగ నాటికి పొట్ట ఎంతైందంటే, పాత పొట్ట దీని ముందు బిడ్డలా ఉండేది.

పెద్దలు నన్ను పిలిపించనైనా లేదు. సింహాచలమే తల వంచుకుని వచ్చాడు.

"బావ, తప్పుగా అనుకోకు. పులి నన్ను కట్టమన్నారు."

"నువ్వా? నీకు పొట్టేదిరా?"

"అది నేదనే కట్టమన్నారు, బావ. మరి నాకు సారలు ఏసీవోడు ఎవరూ నేరు."

మా నాన్న తోకను నా చేతులతో వాడి నడుముకు కట్టాను. వాడి ఒంటికి చారలు నేనే వేశాను. సగం రంగు మిగిలిపోయింది. వాడు మలుపు తిరగగానే పిల్లలంతా దాక్కున్నారు. నేను జనంలో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. పక్కన ఎవరో వచ్చి ఆగారు. చూస్తే నరసమ్మ. నన్ను పైనుంచి కిందికి చూసింది. పొట్ట దగ్గర ఆగింది. ముఖంలో నిజమైన జాలి.

"ఏటి నాయనా, మూడేళ్ళయినాది. ఇంకా పురుడు కానేదా?" అంది.

కాబట్టి ఈ పొట్ట మీద కుడిచెయ్యి వేసి, ఇక నిప్పు తగలని అంగిలితో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా పొట్ట దగ్గరికి గొట్టాన్ని గాని దబ్బనాన్ని గాని రానివ్వను. తెల్లకోటు వేసుకున్నవాళ్ళ ముందు నోట్లో నిప్పు దాచుకుని కూర్చోను. ఊపిరున్నంత కాలం, నరసమ్మ తిరిగే వీధిలో పక్కకు తిరిగి నిలబడను.