కంటికి ఆనని డ్రాయింగు

"కంటికి ఆనలేదేమో" అని ఒకసారి ఒక అమ్మాయితో అన్నాను. రెండు మాటలు. ఇన్నేళ్ళుగా వాటిని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అలాంటి మనిషి దగ్గరే నోరు పెగులుతుందనిపించి చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టుకోండి. ఆ విద్యలో ఆరితేరిపోయాను.

ఉండేది తార్నాక. యూనివర్సిటీ క్యాంపస్‌లో కొత్త కట్టడాలు చూసే ఆఫీసులో ఉద్యోగం. పేరుకు ఇంజినీరునే గానీ ఇటుక ముట్టను. నా పని రిపోర్టులు. ఒక కట్టడం కాగితం మీద గీతగా పుట్టిన దగ్గర్నుంచి తాళాలు అప్పగించేదాకా దాని సంగతులు తలో చోటా ఉంటాయి. ఏ డ్రాయింగు మారింది, ఎవరు ఆమోదించారు, ఏ గోడ లేచింది, అన్నిటినీ లాగి ఒక్క తెర మీద చూపించే రిపోర్టును నేనే తయారుచేశాను. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని. సైటు వాళ్ళు పొద్దున్నే ఫోనులో అది తెరిచి, పైన ఏ డ్రాయింగు ఉంటే దాని ప్రకారం మేస్త్రికి పని చెప్పేవాళ్ళు. కాగితాలు తిరగేసే అలవాటు మానిపించింది కూడా నేనే. రిపోర్టులో లేకపోతే లేనట్టే అని అందరికీ నూరిపోశాను.

ఆ మాట అందరికంటే ఎక్కువగా నమ్మింది స్వరూప. రైతు కుటుంబం, మొదటి ఉద్యోగం, మాణికేశ్వర్ నగర్‌లో గది. ఆడపిల్లల హాస్టలు సైటు ఆమెకిచ్చారు. మొదట్లో మేస్త్రీలు ఆట పట్టించేవాళ్ళు, "మేడం, ఇంకోపారి చూస్కోరాదు" అని. ఆమె ఫోను ఒకసారి చూసి, జేబులో పెట్టి, "నేను చూసిన. కట్టుండ్రి" అనేది. ఆ గొంతు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. అంత ధీమా నా జన్మలో నాకు లేదు.

ఇక నేను చేసింది. కొన్ని డ్రాయింగులు పూర్తిగా ఆమోదం అవుతాయి. కొన్నిటిని చిన్న సవరణ రాసి ఆమోదిస్తారు. ఈ రెండో రకం రిపోర్టులో పసుపు రంగులో కనిపించేవి. మా పెద్దసారుకు అది చూస్తే చిరాకు. "ఏంటమ్మా ఈ పసుపు, పెళ్ళింట్లో లాగా" అనేవారు. అందుకని ఒక రివ్యూకి ముందు పసుపువన్నీ కనిపించకుండా ఫిల్టరు పెట్టాను. ఆయన చూసే రిపోర్టుకు మాత్రమే పెట్టాలి. హడావిడిలో అందరూ చూసే రిపోర్టు మీదే సేవ్ చేశాను. అంతే. ఆ పసుపువాటిలో హాస్టలు కింది అంతస్తు డ్రాయింగు ఒకటి ఉంది. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం బాత్రూము గుమ్మాలు వెడల్పు చేసిన డ్రాయింగు. గోడకు పెట్టే కడ్డీ ఎత్తు గురించి ఎవరో ఒక ముక్క రాసినందుకు పసుపైంది. అది మాయమయ్యాక స్వరూప ఫోనులో పాత డ్రాయింగే పైన నిలిచింది. ఆమె రోజూ చూసి, చూసినట్టే కట్టించింది.

హాస్టలు తెరుస్తారనగా చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి తన గది చూసుకోవడానికి వచ్చింది. కుర్చీ బాత్రూము గుమ్మంలో ఇరుక్కుంది. "నేను తానం చెయ్యనని మీకెవరు చెప్పిన్రు?" అని నవ్వేసింది పిచ్చితల్లి. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ వరుసలో గోడలన్నీ పగలగొట్టాల్సి వచ్చింది.

రివ్యూ పెట్టారు. దానికి ముందు నా సీట్లో రిపోర్టు తెరిచి చూస్తే ఫిల్టరు కనిపించింది. తీసేశాను. దాచాలని కాదు, సరిచేద్దామని తీశాను. ఇదిగో, ఇక్కడ పట్టుకోండి నన్ను. సరిచేసేదాన్నయితే ముందు చెప్పి తర్వాత తీసి ఉండేదాన్ని కదా?

మీటింగులో పెద్దసారు రిపోర్టు తెర మీద వెయ్యమన్నారు. వేశాను. మార్చిన డ్రాయింగు అన్నిటికంటే పైన, గోడలు లేవకముందటి తేదీతో, బుద్ధిగా కూర్చుని ఉంది. రిపోర్టుకు నిన్న తానెలా కనిపించిందో గుర్తుండదు. ఈరోజు ఎలా ఉందో అదే చూపిస్తుంది. స్వరూప లేచి నిలబడి, "గిది గీడ లేకుండె సార్" అంది. "తేదీ చూడమ్మా" అన్నారాయన. ఆమె తెర వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. అనుమానంతో కాదు. సాయం కోసం. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సాయంత్రం ఇద్దరం తార్నాక దాకా నడిచి వచ్చి చాయ్ బండి దగ్గర ఆగాం. ఆమె చాయ్ తాగలేదు.

"అక్కా, నేను దినాం పొద్దుగాల చూస్తనే ఉన్న. గాడ లేకుండె. నాకు మంచిగ యాదికున్నది. నీ మీద ఒట్టు."

నిజం నాలుక చివరే ఉంది. పెద్దసారు లేరు, ఎవరూ లేరు. అప్పుడన్నాను, ఎంతో ప్రేమగా, భుజం మీద చెయ్యి వేసి. "చూసే ఉంటావు స్వరూపా. కంటికి ఆనలేదేమో."

"గంతేనంటవా?"

"ఒక్కోసారి అవుతుంది. ఎవరికైనా అవుతుంది."

ఆమె చాయ్ గ్లాసు బండి మీద పెట్టేసి, "అయితదేమో" అంది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. మీటింగులో మౌనంగా ఉండటం పిరికితనం అనుకోవచ్చు. దీన్ని ఏమనాలి?

తర్వాత ఆమెను సైటు నుంచి తీసి, ఆఫీసులో డేటా ఎక్కించే పనిలో కూర్చోబెట్టారు. ఒకరోజు లాలాపేట్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి నాతో అంది, "కండ్లు మంచిగనే ఉన్నయన్నడు అక్కా. మరి నాకెందుకు కనవడలే? అంటే దిమాగే సక్కగ లేదన్నట్టు." నవ్వుతూనే అంది.

అప్పట్నుంచి ప్రతిదీ నన్ను అడిగేది. పొద్దున్నే ఫోను. "అక్కా, ఒక్కపారి నువ్వు చూడరాదు, నేను కరెక్టే చూసిన్నా?" నేను చూసి, కరెక్టే అని చెప్పేదాన్ని. ఆమె తప్పు చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. క్రిస్మస్‌కి గులాబీ పువ్వుల పిండివంట చేస్తే మొదటి డబ్బా ఆమెకే. జ్వరమొస్తే వారాసిగూడలో మా బంధువుల ఇంటికి వెళ్ళే పని కూడా మానుకుని ఆమె గదికి జావ పట్టుకెళ్ళాను. మా అక్కలాంటి మనిషి దొరకదని ఆమె అందరికీ చెప్పుకునేది. ఆ ప్రేమ దొంగది కాదు, నిజంగానే ప్రేమించాను. కానీ దాని అడుగున ఏముందో నాకు తెలుసు. ఆదివారం చర్చిలో అందరం ఒక్క గొంతుతో పాపాలు ఒప్పుకుంటాం. అందరితో కలిసి చెబితే ఎంత పాపమైనా గొంతు దాటుతుంది. ఒక్కదాన్నే ఒక్క మనిషికి చెప్పాలంటేనే రాదు.

ఈమధ్య క్యాంపస్‌లో కొత్త ల్యాబు కట్టడం మొదలైంది. ఇప్పుడున్న సారు స్వరూపను సైటు చూసుకోమన్నారు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నువ్వే చెప్పరాదు అక్కా సార్‌కు, నాతోని కాదని. నేను చూసిన్నంటే చూసినట్టు కాదు గద."

ఒకప్పుడు జేబులో ఫోను పెట్టి "కట్టుండ్రి" అన్న పిల్ల. నా గుండె పగిలింది. ఎవరో పగలగొట్టినట్టు చెబుతున్నాను చూడండి. ఆమెను బయటికి తీసుకెళ్ళి, చెట్లకింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, ఫిల్టరు దగ్గర్నుంచి చాయ్ బండి దాకా అంతా చెప్పాను. ఏడుపు మాత్రం బిగబట్టుకున్నాను. నేను ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుంది, ఆమె గుణం నాకు తెలుసు.

ఆమె ఒక్కటే అడిగింది. "అయితే గాడ లేకుండె?"

"లేదు."

"నేను చూసింది నిజమే?"

"నిజమే స్వరూపా."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆమె రెండు అరచేతులూ కళ్ళ మీద ఒత్తుకుంది. తర్వాత లేచి, నా వంక చూడకుండా, "నన్ను అందరి ముంగట నిలవెట్టిన్రు గద. అందరి ముంగటనే చెప్పు" అంది. మాణికేశ్వర్ నగర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

తర్వాతి రివ్యూలో చెప్పాను. అదే గది. అప్పటివాళ్ళు కొందరే మిగిలారు. ఫిల్టరు ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, ఎవరు నోరు మూసుకున్నారో స్పష్టంగా చెప్పాను. రాసివ్వమన్నారు, ఇచ్చాను. ఏం చేస్తారో తెలియదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. ఇన్నాళ్ళూ ఆమె మోసిన దాన్ని నా నెత్తికి ఎత్తుకున్నాను, అంతే. అయినా మొన్న రాత్రి చాలా కాలానికి నిద్రపట్టింది.

స్వరూప నన్ను క్షమించలేదు. ఇప్పుడు నన్ను మేడం అని పిలుస్తుంది. పొద్దున్న ఫోను రాదు. ఆ టైముకి చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోతుంది, అప్పుడు గుర్తొస్తుంది. ఈ ఉదయం ల్యాబు సైటు పక్కనుంచి నడుస్తున్నాను. రేకుల అవతల ఎవరో మేస్త్రి, "ఇంకోపారి చూస్కోరాదు మేడం" అంటున్నాడు. కాళ్ళు ఆగిపోయాయి.

"నేను చూసిన" అంది స్వరూప. "కట్టుండ్రి."