రెండు కిటికీలకు ఒకటే గేజు

మా టీచర్ పోయారన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. మారేడ్‌పల్లిలో నేను పనిచేసే కంప్యూటర్ శిక్షణ సంస్థ గ్రూపులో మా డైరెక్టర్ పెట్టాడు: "శాంతమూర్తి, మృదుభాషి అయిన మన మాజీ అధ్యాపకురాలు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను అప్పుడు ల్యాబ్‌లో ఉన్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు.

శాంతమూర్తి అట! మెట్టుగూడలో ఆవిడ ఇంటి ముందుగదిలో చదువుకున్న వాళ్ళను ఎవరినైనా అడగండి. ఆవిడ అరిస్తే ఎదురుగా ఉండే ఇస్త్రీ బండి అతను చేతిలో పెట్టె పక్కన పెట్టి ఇటు చూసేవాడు. మేం బయటికి రాగానే "ఇయ్యాల ఎవని వంతు?" అని అడిగేవాడు. చాలాసార్లు నా వంతే. బతికుండగా ఆవిడను రావద్దని పంపించేసినవాళ్ళు, పోయాక ఆవిడ కోపాన్ని కూడా ఊడ్చేసి ఒక మెత్తటి ముసలమ్మను తయారుచేసుకున్నారు. అది ఆవిడ కాదు.

ఆవిడ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తర్వాత ముందుగదిలో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టి మాలాంటి వాళ్ళకు ప్రోగ్రామింగ్ నేర్పారు. చూపు చాలా తక్కువ. మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా కూర్చునేవారు. పాఠం మొదలుపెట్టే ముందు నాలుగు తెరలూ చీర కొంగుతో తుడిచేవారు. క్రిస్మస్‌కి కేకు పెట్టేటప్పుడు ఆ ఏడాది ఎక్కువ తిట్లు తిన్నవాడికి రెండు ముక్కలు ఇచ్చేవారు. నాకు వరుసగా మూడేళ్ళు రెండు ముక్కలు వచ్చాయి.

ఆవిడ మొదటి పాఠం ప్రోగ్రామింగ్ కాదు, ఫాంటు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రోగ్రామ్ రాసేవాళ్ళ ముందు రెండు కిటికీలుంటాయి. ఒకటి రాసుకునే ఎడిటర్. రెండోది రాసినదాన్ని నడిపించే నల్ల కిటికీ, దాన్ని టెర్మినల్ అంటారు. రెండింటిలోనూ అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే ఫాంటు వాడాలి. గళ్ళ నోటుబుక్కులో గడికొక అంకె వేసినట్టు, సన్న అక్షరానికీ లావు అక్షరానికీ ఒకటే గడి. రెండు మాటల మధ్య వదిలే ఖాళీకి కూడా ఒక పూర్తి గడి. దీన్నే మోనోస్పేస్ ఫాంటు అంటారు.

నేను మొదటి వారంలోనే ఎడిటర్‌కు ఒక ఫాంటు, టెర్మినల్‌కు ఇంకో ఫాంటు పెట్టుకున్నాను, అందంగా ఉందని.

"ఏందిరా గిది? పెండ్లి కార్డు గొడ్తున్నవా?" అన్నారు టీచర్. "మా డాడీ లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పన్జేసిండు. గేజంటే పట్టాల నడుమ ఎడం. చక్రానికొక గేజు, పట్టాకొక గేజు పెడితే బండి ఏమైతది?"

"పడిపోతది టీచర్."

"మరి రాసేకాడ ఒకటి, నడిపేకాడ ఒకటి పెడితే నువ్వు గూడ పడిపోతవ్. చూసే కండ్లు అవ్వే గదా! రెండు కిటికీలకు ఒకటే గేజు."

సరేనని ఆవిడ ఇచ్చిన ఫాంటు ఫైలును రెండు చోట్లా కాపీ చేశాను. మళ్ళీ తిట్లు. "రెండు కాపీలెందుకురా? ఒకటి మారుస్తవ్, ఇంకోటి మర్చిపోతవ్, అప్పుడు షురూ అయితది లొల్లి. ఫైలు ఒక్కటే ఉండాలె. రెండు కిటికీలు దాన్నే సూడాలె."

ఆ ఫైలు కూడా ఆవిడ తయారుచేసిందే. ఎవరైనా మార్చుకోవచ్చని వదిలిన ఒక ఫాంటు తీసుకుని, ఒక ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని, తన కళ్ళకు ఆనేలా ఒక్కో అక్షరాన్నీ లావు చేశారు. చుక్కా కామా విడివిడిగా కనబడేలా దిద్దారు. దానికి గేజు అని పేరు పెట్టారు. ఆ గదిలో చదివిన ప్రతివాడి కంప్యూటర్‌లోనూ ముందు గేజు ఎక్కేది, తర్వాతే పాఠం.

నాకు ఈ సంస్థలో ల్యాబ్ ఇన్‌ఛార్జి ఉద్యోగం వచ్చింది ఆవిడ చదువు వల్లే. ఆవిడను ఇక్కడికి పాఠాలు చెప్పడానికి తెచ్చింది కూడా నేనే. గర్వంగా తెచ్చాను. వచ్చిన మొదటిరోజే టీచర్ అడిగారు.

"గేజు ఎక్కియ్యిరా. ఈ ఎడిటర్ల ఖాళీ కనబడ్తలేదు నాకు."

మా ల్యాబ్ ఎడిటర్‌లో మోనోస్పేస్ ఫాంటే లేదు. మామూలు ఉత్తరాలు రాసుకునే ఫాంటుతో తెరుచుకునేది. అందులో మాటల మధ్య ఖాళీ దారప్పోగంత. టెర్మినల్‌లోనేమో ఇంకేదో సన్నటి ఫాంటు. కొత్తది ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. రెండు నిమిషాల పని.

"రూల్ ఒప్పుకోదు టీచర్. ఫారం నింపండి, పైకి పంపిస్తా," అన్నాను.

నా దగ్గర చేయి చాచి అడగాల్సిన మనిషా ఆవిడ! అయినా ఫారం నింపారు. 'అవసరం లేదు' అని తిరిగొచ్చింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ ఫారం. మూడోసారి అడిగినప్పుడు నేను ఫోన్ చూసుకుంటూ "చూద్దాం టీచర్" అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. అదే నాకు అర్థమై ఉండాల్సింది.

ఒక మధ్యాహ్నం క్లాసులో, పిల్లల ప్రాజెక్టులున్న ఫోల్డర్‌లో ఒక పాత ఫోల్డర్‌ను తుడిచేయడం ఎలాగో చూపిస్తున్నారు. ఎడిటర్‌లో ఆజ్ఞ రాశారు. పెద్ద ఫోల్డర్ పేరు, దాని వెంటే అతుక్కుని పాత ఫోల్డర్ పేరు ఉండాలి. ఆ రెంటి నడుమ ఒక ఖాళీ దూరింది. ఖాళీ దూరితే అవి రెండు వేరువేరు ఫోల్డర్లు అయిపోతాయి. మొదటిది మొత్తం ప్రాజెక్టులది. నేను పక్కనే నిలబడి అదే తెర చూస్తున్నాను. టీచర్ దాన్ని టెర్మినల్‌లో నడిపించారు. టెర్మినల్ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ప్రాజెక్టులన్నీ పోయాయి.

ముందురోజు తీసిపెట్టిన కాపీ నుంచి సాయంత్రానికి దాదాపు అన్నీ తిరిగి తెచ్చాను. పోయింది ఒక్కరోజు పని. కానీ డైరెక్టర్ మీటింగ్ పెట్టాడు.

"టెక్నికల్‌గా కారణం ఏంటయ్యా?" అని నన్ను అడిగాడు.

ఫాంటు అని చెప్పాలి. మూడుసార్లు అడిగారు, నేను ఇవ్వలేదు అని చెప్పాలి. నేను అన్న మాట ఇది: "సిస్టంలో తప్పేం లేదు సార్. మనిషి పొరపాటు."

"ఏజ్ ఫ్యాక్టర్," అన్నాడు డైరెక్టర్, ఆవిడ అక్కడ లేనట్టు.

టీచర్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నా వైపు తిరిగి చాలా మెల్లగా అడిగారు. "ఖాళీ నాకు కనబడలేదురా. నీకు కనబడ్డదా?"

ఆ మర్నాటి నుంచి ఆవిడను రావద్దన్నారు. ఆవిడ గొంతు పెంచకుండా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారి చూసే కాబోలు మా డైరెక్టర్‌కు శాంతమూర్తి అనిపించింది.

జ్ఞాపకార్థ కూడిక చర్చి హాల్లో జరిగింది. సంస్థ తరఫున ఫ్లెక్సీ పెట్టారు. ఫోటోలో కళ్ళద్దాలు మెరుస్తున్నాయని వాటిని చెరిపేసి, కళ్ళు పెద్దవిగా దిద్దారు. ఆ కళ్ళతో ఆవిడ ఎవరినీ చూసి ఎరుగరు. "ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు," అని డైరెక్టర్ మైకులో చెప్పాడు. వెనక వరుసలో మేం పాత విద్యార్థులం పదిమందిమి ఉన్నాం. లేచి 'అబద్ధం' అని అరవాలనిపించింది. అరవలేదు. మనవాళ్ళకు ఇలాంటి చోట్ల మర్యాద బాగా వచ్చు, నాకు మరీ బాగా వచ్చు.

బయట ఆవిడ చెల్లెలు కనబడ్డారు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకుంది ఆమే. "నా గురించి ఏమైనా అన్నారా అమ్మా?" అని అడిగాను.

"అన్నది బిడ్డా," అంది ఆమె. "వానికి నేనిచ్చేది ఏం లేదు, ఇచ్చింది వాని దగ్గర్నే ఉన్నది, వాడుతుండో లేదో అడుగు అన్నది."

మర్నాడు ఉదయం అందరికంటే ముందు ల్యాబ్‌కు వెళ్ళాను. నా సొంత లాప్‌టాప్‌లో గేజు పదిహేనేళ్ళుగా ఉంది, నేను వాడుకుంటూనే ఉన్నాను. దాని ఫైలు వివరాలు ఎప్పుడూ తెరిచి చూడలేదు. ప్రతి ఫాంటు ఫైలులో, ఎవరు ఎలా వాడుకోవచ్చో రాసుకునే చోటు ఒకటుంటుంది. అక్కడ తెలుగు మాటలే, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఉన్నాయి: "ఎవ్వరన్న వాడుకోండ్రి. ఎవ్వరికన్న ఇయ్యుండ్రి. పర్మిషన్ అడిగెటోడు నా స్టూడెంటే కాదు."

కూర్చుని ఏడ్చాను. తర్వాత పాస్‌వర్డ్ కొట్టి ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నింటికీ గేజు ఎక్కించాను. ఎవరినీ అడగలేదు. ప్రతిదాంట్లో ఫైలు ఒక్కటే, కిటికీలు రెండూ దాన్నే చూసేలా పెట్టాను. ఒక్కో కంప్యూటర్‌కు రెండు నిమిషాలు పట్టింది.

ఆ రోజు టీచర్ రాసిన ఆజ్ఞ ఫైలు నా దగ్గరే ఉంది. సాక్ష్యంగా దాచాను, ఎవరి మీద సాక్ష్యమో అప్పుడు ఆలోచించలేదు. పిల్లలు వచ్చి కూర్చున్నాక దాన్ని ఎడిటర్‌లో తెరిచి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేశాను. "ఇందులో..." అని నేను అడగబోతుండగానే చివరి వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఆ రెండు పేర్ల నడుమ స్పేస్ ఉంది. ఉండొద్దు గదా?"

చివరి వరుస నుంచి. ఒక్క చూపుకే.

తలుపు దగ్గర డైరెక్టర్ నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో తెలియదు. "ఈ ఫాంటు ఎవరు పెట్టిన్రు? ఎవర్ని అడిగి పెట్టిన్రు?"

నేను గోడ వైపు చెయ్యి చూపించాను. "ఖాళీ కనబడుతోందా సార్?"

పిల్లలు ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నారు. గోడ మీద, రెండు పేర్ల మధ్య, ఆ ఒక్క ఖాళీ గడి పక్కనున్న అక్షరమంత వెడల్పుగా వెలుగుతోంది.