కిటికీ రెక్క మీద సర్వరు

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు, ఆ తర్వాత ఎవరూ నేర్పలేకపోయారు కూడా. ఇంటికో కంప్యూటరు ఇంకా రాని ఆ రోజుల్లో, అంటే రెండువేలు దాటిన కొత్తలో, నా కాలు మరీ నిలిచేది కాదు. బస్సు ఆలస్యమైతే తర్వాతి స్టాపు దాకా నడిచేవాణ్ణి (ఆ నడకలోనే బస్సు నన్ను దాటి వెళ్లిపోయేది). టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాణ్ణి. డిగ్రీ అయ్యాక నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే పనిలో చేరితే, మా నాయన మాత్రం నన్ను ఆళ్లగడ్డలో మామ ఎరువుల అంగట్లో కూర్చోబెట్టాలని పట్టుబట్టాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. పొద్దున గల్లాపెట్టె వెనక కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు లేచే మనిషి. 'కూర్చోబెట్టడం' అనే మాట వింటేనే నాకు ఒళ్లు జలదరించేది.

అదే సమయంలో మా సెంటరు ఓనరు ఏదో ఆఫీసులో తీసేసిన పాత మిషన్లను గంపగుత్తగా కొన్నాడు. వాటిలో సర్వరు తాలూకు మదర్‌బోర్డు ఒకటి బయటపడింది. మామూలు బోర్డు పక్కన పెడితే అన్నం తినే పళ్లెం పక్కన తాంబాళం పెట్టినట్టుంది. ప్రాసెసర్లు రెండు. ర్యాములు గుచ్చడానికి బారుగా గాడులు. ఊళ్లో దొరికే ఏ క్యాబినెట్టులోనూ పట్టదు కాబట్టి ఓనరు, కావాలంటే ఎత్తుకుపొమ్మన్నాడు. నాకిక నేల మీద కాళ్లు ఆనలేదు. రెండు ప్రాసెసర్లంటే రెండు మెదళ్లు, ఇలాంటి యంత్రం జిల్లాలో నా ఒక్కడి దగ్గరే ఉంటుందని కనపడినవాడికల్లా చెప్పేశాను (దాన్ని ఇంకా ఒక్కసారి కూడా ఆన్ చేయకముందే).

ఆన్ చేస్తే ఏముంది, ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపు చూశాను, కట్టేశాను. ర్యాములు మార్చి మళ్లీ వేశాను. నలుపే. తీగలు పీకి గుచ్చాను, తెర మార్చాను, దండం కూడా పెట్టాను. ఆ హోరుకు నా రూమ్మేట్లు, అది ఉంటుందో నువ్వుంటావో తేల్చుకోమన్నారు. ఈ సంగతి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు కంటే ముందే చేరింది. నాయన ఫోన్ చేసి, ఆదివారం మామ భోజనానికి వస్తున్నాడనీ, ఆ దిక్కుమాలినదాన్ని తెచ్చి ఆయన ముందు వెలిగించి చూపిస్తే సరేననీ, లేదంటే సోమవారం నుంచి అంగడికేననీ తేల్చిచెప్పాడు. నేను వెనకా ముందూ చూడకుండా ఒప్పుకున్నాను.

తెరనూ ఫ్యాన్లనూ తీగలనూ అట్టపెట్టెలో సర్ది, బోర్డును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను. పైన సామాన్ల అరలో అది పట్టకపోవడంతో సగం నా మోకాళ్ల మీద, సగం పక్కన కూర్చున్న పెద్దాయన మోకాళ్ల మీద పరిచాను. అహోబిలం పోతున్న ఆయన పాపం మర్యాదకు ఇదేమిటని అడిగాడు. నేను రెండు మెదళ్ల కథ మొదలుపెట్టాను. శిరివెళ్ల దాటేసరికి ఆయన బోర్డు మీద చెయ్యి వేసుకుని గురక పెడుతున్నాడు.

ఇల్లు చేరాక బోర్డును దేనిమీదైనా బిగించాలి. ఇనుము మీద బిగిస్తే షార్టవుతుంది, చెక్కే కావాలి. ఇల్లంతా వెతికి, ముందుగది కిటికీ రెక్కను బందుల నుంచి ఊడదీశాను. కొలిచి కోసినట్టు సరిపోయింది. కిటికీ బోసిగా ఉంటే పిల్లులు దూరతాయని అమ్మ గొణిగింది కానీ నాకా మాటలు ఎక్కితే కదా.

ఇక్కడ మా వీధి పిండి మర సంగతి చెప్పాలి. దాని మోటారు కాలిపోయి, రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటూ మరాయన రోజులు జరుపుతున్నాడు. జొన్నపిండి లేదు, రొట్టెల్లేవు, వీధి వీధంతా ముఖం వాచి ఉంది. మా దగ్గర మర కాడ ఒక పద్ధతి ఉంది. మనిషి నిలబడక్కర్లేదు, డబ్బా వరుసలో పెట్టి ఇంటికి పోవచ్చు. డబ్బా ఉందంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ఎవరూ కదపరు, కదిపితే తగువే.

ఆదివారం మామ వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని స్విచ్చి వేశాను. రెక్క లేని కిటికీలోంచి ఆ హోరంతా వీధిలోకి పోయింది. తెర నల్లగానే ఉంది. అలవాటుగా నా చెయ్యి స్విచ్చి మీదికి పోతుండగా, ఎదురింటి పెద్దమ్మ చంకలో జొన్నల డబ్బాతో కిటికీ దగ్గరికి వచ్చింది. కొత్త మర పెట్టి మాట మాత్రమైనా చెప్పలేదేమని నిష్ఠూరమాడింది. ఇది మర కాదంటున్నా వినిపించుకుంటేనా?

"సన్నంగా పట్టు నాయనా, రొట్టె ఇరగగూడదు" అని డబ్బా అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది.

నేను బయటికి పరుగెత్తేసరికి దాని వెనక మరో డబ్బా, దాని వెనక ఒక బిందె. పెద్దమ్మ డబ్బా తిరిగి ఇద్దామని ఎత్తానో లేదో, నా వరుస తప్పిస్తావా అని ఆమె, మీ వాళ్లను ముందుకు తోస్తావా అని ఇంకొకామె నా మీద పడ్డారు. ఒకరికి నచ్చజెబుతుంటే మరొకరు డబ్బా పెట్టి పోతున్నారు. ఆ గొడవ మధ్యలో మామ సైకిల్ దిగాడు. అరుగు మీది వరుస చూశాడు, నన్ను చూశాడు, సైకిల్‌కు స్టాండు వేశాడు. నాయన ముఖం మాత్రం కందగడ్డలా ఉంది. సోమవారం నా కళ్ల ముందు మెదిలింది.

అప్పుడే లోపల్నుంచి అమ్మ పిలిచింది. "ఒరేయ్, నీ టీవీలో ఏందో రాస్తాండాది సూడు."

ఒక్క గంతులో లోపలికి దూకాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. నిజంగానే బతికి ఉంది! అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆ పెద్ద బోర్డు లేవగానే కళ్లు తెరిచే రకం కాదు, తనలో ఉన్న ర్యాములన్నింటినీ తడిమి చూసుకుని తీరిగ్గా తెర వెలిగించే రకం. నేనేమో ఇన్నాళ్లూ అది లేచేలోపే పీక నొక్కుతున్నాను. ఈ రోజు జొన్నల తగువులో పడి దాని జోలికి పోలేదు, అది లేచి కూర్చుంది. ఆనందం పట్టలేక ఇదంతా మామకు గుక్క తిప్పుకోకుండా వివరించాను. మామ శ్రద్ధగా విన్నాడు.

"అయితే దానికేం రోగం ల్యాదంటావు."

"ల్యాదు మామా. నేనే ఆగలా."

మామ తలాడించి కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక నాయన వైపు తిరిగాడు.

"బావా, వీడు నాకొద్దు. రైతు అంగడికొచ్చి బస్తాల తట్టు సూస్తా శానాసేపు ఏం మాట్లాడడు. ఆయప్ప నోరు తెరిచేదాకా మనం గమ్మున కూచోవల్ల. వీడైతే ఆ లోపల షట్టరు దించుతాడు."

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. సాయంత్రం బస్సుకు నంద్యాల పొమ్మన్నాడు.

నేను కోరుకున్నది అదే. బస్సెక్కేదాకా సంతోషంగానే ఉన్నాను. ఎక్కి కూర్చున్నాక ఎక్కడో ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. నేను వద్దనుకున్న అంగడి నన్ను వద్దనడం ఏమిటి? అంత పనికిరానివాణ్ణా? ఒక్కసారైనా బతిమాలొద్దూ? నంద్యాల వచ్చేదాకా మామ మీద అలిగే ఉన్నాను.

ఇన్నేళ్లూ కంప్యూటర్ల పనిలోనే నెట్టుకొచ్చాను. ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా మామ అంగడికి వెళతాను. స్టూలు జరిపి కూర్చోమంటాడు. కూర్చుంటాను. ఎవరో రైతు వచ్చి బస్తాలవైపు చూస్తూ నిలబడతాడు. ఆయన మాట్లాడడు, మామ మాట్లాడడు. నేను పళ్లు బిగబట్టి, గోడ మీది క్యాలెండరు చదివి, కాళ్లు ఊపి, ఈసారి ఆగి చూపిద్దామనుకుంటూనే "ఏం గావాలన్నా?" అని అడిగేస్తాను. మామ నా వైపు తిరిగి మెల్లగా నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే పోతుంటానేమో, నాకే తెలియదు.